కొత్త ఫోనుకు రెండు గండాలు

2025 వానాకాలం పత్తి చేతికొచ్చేనాటికి సూర్యాపేట జిల్లా రైతుకు బోరాలు, ట్రాక్టరు కిరాయితో పాటు స్మార్ట్‌ఫోన్ కూడా కావలసి వచ్చింది. మద్దతు ధరకు పత్తి కొనే సీసీఐ ఆ సీజన్ నుంచి 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. అందులో పేరు నమోదై, స్లాట్ బుక్ అయితేనే మిల్లు దగ్గర కాంటా. ఆ సీజన్‌లో క్వింటాలుకు 8,110 రూపాయలు, తేమ 8 నుంచి 12 శాతం. ఈ లెక్కలు రైతుకు నోటికి వచ్చినవే. ఓటీపీ అలా కాదు. అది ఏ నంబరుకు పోతుందో, ఆ నంబరు ఇప్పుడు హైదరాబాదులో ఉన్న కొడుకు జేబులో ఉందో, కోదాడలో ఉన్న అల్లుడి దగ్గర ఉందో ముందు తేల్చుకోవాలి. అదే ఏడాది జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి ఈ జిల్లా తిరుమలగిరిలోనే మొదలుపెట్టారు. కార్డన్నా, పింఛనన్నా, బ్యాంకన్నా, గ్యాసన్నా ముందు అడిగేది ఫోన్ నంబరే. ఇన్నాళ్లూ బటన్ల ఫోనుతో నెట్టుకొచ్చిన మనిషి ఆఖరికి పది పన్నెండు వేలు పెట్టి పెద్ద ఫోన్ కొన్నాడు.

యాప్ ఎలా వాడాలో చూపించడానికి వ్యవసాయ శాఖ వాళ్లు ఊళ్లకు వచ్చారు. ఫోన్ ఎలా వాడాలో చూపించే పని మాత్రం మనవళ్ల మీదా, సెల్ షాపు కుర్రాళ్ల మీదా పడింది. ఈ ఇద్దరికీ తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ అధ్యాయం యాభై దాటాక ఫోన్ కొన్నవాళ్ల కోసం. ఓపిక తెచ్చుకుంటే వాళ్ల మనవళ్ల కోసం కూడా.

మన ప్రాంతంలో కొత్త ఫోనుకు రెండు గండాలున్నాయి. ఒకటి ఎండ, రెండోది తొందర. ఎండ బ్యాటరీని తింటుంది, తొందర బ్యాంకు ఖాతాను తింటుంది. కిందపడి అద్దం పగలడం కూడా గండమే కదా అంటే, దానికి డబ్బుతో వైద్యం ఉంది.

షాపు కౌంటరు దగ్గర

తిరుమలగిరిలోనైనా సూర్యాపేటలోనైనా ఫోన్ కొన్న మొదటి పావుగంట ఒకేలా సాగుతుంది. కుర్రాడు డబ్బా సీలు కోస్తాడు. అద్దం మీది పల్చటి కాగితం లాగేస్తాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, టెంపర్డ్ గ్లాస్ అంటించి, బొటనవేలితో గాలిబుడగల్ని అంచులకు తోస్తాడు. సిమ్ము వేస్తాడు. తెర వెలిగి గూగుల్ ఖాతా అడుగుతుంది.

"కాకా, జీమెయిల్ ఉన్నదా?"

"నాకేడ మెయిలు బిడ్డా!"

"సరే, నేనే పెడ్త తియ్యి."

రెండు నిమిషాల్లో ఖాతా తయారవుతుంది. పేరు కాకది, పాస్‌వర్డు కుర్రాడిది. ఆ పూట అలాంటివి ఎన్ని పెట్టాడో సాయంత్రానికి అతనికే గుర్తుండదు. ఫోన్ హాయిగా పనిచేస్తుంది కాబట్టి ఎవరూ అడగరు. ఏడాదికో రెండేళ్లకో ఎవరో పిల్లవాడు తెర తాళం మార్చి మరిచిపోతాడు. ఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెడదామని చూస్తే, ఇదివరకటి జీమెయిలు, దాని పాస్‌వర్డు చెప్పమని ఫోన్ మొండికేస్తుంది. దొంగలకు అడ్డుకట్టగా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఏర్పాటు ఇది. కొట్టేసిన ఫోన్‌ను చెరిపేసి అమ్ముకోకుండా పెట్టిన తాళం చివరికి సొంతదారునే బయట నిలబెడుతుంది. ఫోనుకు ఆ గూగుల్ ఖాతా పట్టాదారు పాస్‌పుస్తకం లాంటిది. భూమి మీరే దున్నుతున్నా, పుస్తకం ఎవరి దగ్గరో ఉంటే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కాబట్టి కౌంటరు దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చోండి. మెయిలు అడ్రసు, పాస్‌వర్డు మీ చేత్తో కాగితం మీద రాసుకుని, ఇంటికెళ్లాక ఆ కాగితాన్ని ఫోన్ బిల్లుతో కలిపి బీరువాలో పెట్టండి. ఖాతా మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే నంబరు మీదే అయి ఉండాలి, షాపువాళ్లది కాకూడదు. పాస్‌వర్డు రాసి పెట్టుకోవద్దని పట్నం సలహాదారులు అంటారు. ఆఫీసు బల్ల మీద అంటించుకునే వాళ్లకు ఆ మాట సరిపోతుంది. బీరువాలోని కాగితం కోసం విదేశీ హ్యాకర్ తిరుమలగిరి దాకా రాడు.

తర్వాత తెర తాళం. నాలుగు అంకెల పిన్‌కు పది వేల అవకాశాలే, ఆరు అంకెలకు పది లక్షలు. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. అది మీ ఆధార్ జిరాక్సులన్నిటి మీదా ఉంది. వేలిముద్ర సులువే గానీ, పత్తి ఏరిన చేతులకూ సిమెంటు కలిపిన చేతులకూ అది మొండికేస్తుంది. వేలి మీది గీతల మిట్టపల్లాలు అరిగిపోతే సెన్సర్‌కు పట్టు దొరకదు. రేషన్ షాపులో మిషన్ దగ్గర వేలు పదిసార్లు పెట్టించడం కూడా ఇందుకే. ఒకే బొటనవేలిని రెండుసార్లు, ఒకసారి నిటారుగా, ఒకసారి పక్కకు వంచి నమోదు చేస్తే చాలామందికి పని జరుగుతుంది.

తెర కూడా చేతిని బట్టే పలుకుతుంది. అద్దం కింద కంటికి కనిపించని విద్యుత్ వాహక పొర ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుదావేశం కొంచెం మారుతుంది, ఆ మార్పే ఫోనుకు కబురు. నీటికీ ఆ గుణమే ఉంది. అందుకే నాటు వేసిన తడి చేత్తో తాకితే తెర ఎక్కడో నొక్కినట్టు గెంతుతుంది. గట్టిగా నొక్కితే వింటుందనుకోవడం బటన్ల కాలపు అలవాటు. చేయి తుడుచుకుని మెల్లగా తాకితే చాలు.

ఎండ

ఫోన్ ఇచ్చేటప్పుడు షాపులో ఇంకా వినిపించే మాట ఒకటుంది: "మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలె." ఇంకొకటి: "పూర్తిగా అయిపోయినంకనే పెట్టాలె." రెండూ నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటివి. ఇప్పుడు ఫోన్లలో ఉన్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ వీటిని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. వీటి వెనక ఉన్న జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయసు 97. ఈ బ్యాటరీలకు సున్నా దాకా దిగడం మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

లోపల జరిగేది ఇది. బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్, రెండోవైపు కోబాల్టు వంటి లోహాల ఆక్సైడు, నడుమ ఒక ద్రావణం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి, ఫోన్ వాడుతుంటే వెనక్కి మళ్లుతాయి. ఈ రాకపోకల్లో ద్రావణం కొద్దికొద్దిగా విరిగి గ్రాఫైట్ మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొర పల్చగా ఉన్నంతకాలం రక్షణే. మందమయ్యే కొద్దీ లిథియాన్ని తనలో బిగించేసుకుంటుంది, ఆ లిథియం ఇక పనికి రాదు. పొరను మందం చేసేవి ముఖ్యంగా రెండు: వేడి, నూటికి నూరు శాతం నిండి ఉండటం. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఫోన్ కంపెనీలు తమ ఫోన్లు 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని రాస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యాపేట, మిర్యాలగూడల్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. అంటే ఎండాకాలమంతా మన ఫోన్లు కంపెనీ గీసిన గీత అవతలే బతుకుతాయి.

యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో మధ్యాహ్నం పూట మార్కెట్ యార్డులో చూడండి. కాంటా కోసం ఎదురుచూసే మనిషి వడ్ల రాశి పక్కన టార్పాలిన్ మీద ఫోన్ పెట్టి నీళ్లు తాగడానికి వెళ్తాడు. వచ్చేసరికి తెర మసకబారి ఉంటుంది, టార్చి వెలగదు, చార్జింగ్ ఎక్కదు. ఫోన్ పాడైందని కంగారు పడతాడు. పాడవలేదు. లోపలి వేడి కొలిచే సెన్సర్ గీత దాటగానే ఫోన్ తన పనులు తానే తగ్గించుకుంది. కవరు తీసి నీడలో, గాలి ఆడేచోట పెడితే కొద్దిసేపట్లో మామూలవుతుంది. తొందరగా చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. అది అసలుకే మోసం. చల్లటి ఫోన్ బయటి వేడి గాలికి రాగానే లోపల తేమ పడుతుంది. ట్రాక్టరు ముందు బల్ల, బైక్ హ్యాండిల్ మీది స్టాండు, ఎండలో ఆపిన కారు ఫోనుకు తగిన చోట్లు కావు.

చార్జింగ్ విషయంలో గుర్తుంచుకోవలసింది తక్కువే. 20కి తగ్గకముందే పెట్టండి, 80 దాటాక తీసేసినా నష్టం లేదు. చాలా కొత్త ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగు కూడా ఉంది. కొంచెం కొంచెం పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. సగం చొప్పున రెండుసార్లు పెడితే లెక్కలో ఒక్కసారే. మామూలుగా ఇలాంటి 500 నుంచి 1,000 పూర్తి చార్జింగుల తర్వాత బ్యాటరీ సత్తా 80 శాతానికి దిగుతుందని కంపెనీలు చెబుతాయి. రాత్రంతా పెట్టినంత మాత్రాన పేలదు, నిండగానే లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. కానీ దిండు కింద పెట్టి పడుకుంటే వేడి పోయే దారి ఉండదు.

కరెంటు ఖర్చు గురించి ఇంట్లో గొడవ పడేవాళ్ల కోసం ఒక లెక్క. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్ అవర్లు. చార్జర్‌లో పోయేది కలిపి 25 అనుకుందాం. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు. అంటే యూనిట్‌కు 40 సార్లు చార్జింగ్. రోజూ నిండుగా పెట్టినా ఏడాదికి పది యూనిట్లు దాటదు. గృహజ్యోతి పథకం ఉచితంగా ఇచ్చే నెల 200 యూనిట్లు ఫోన్లకే వాడితే 8,000 సార్లు నింపవచ్చు. పొదుపు చేయాలనుకుంటే పాత ఫ్రిజ్ వైపు చూడండి, మనవడి ఫోన్ వైపు కాదు.

పొదుపు అస్సలు పనికిరానిది చార్జర్ దగ్గర. గోడలోని 230 వోల్టులను చార్జర్ ముందు 5 వోల్టుల స్థాయికి దించాలి. అంతకంటే ముఖ్యంగా, గోడ వైపు తీగలకూ ఫోన్ వైపు తీగలకూ నేరుగా తగులు లేకుండా చూడాలి. మంచి చార్జర్‌లో ఈ రెండు భాగాల మధ్య ఖాళీ, మందమైన పూత ఉంటాయి. సంతలో వంద రూపాయలకు దొరికే చార్జర్‌లో ఖర్చు తగ్గించేది అక్కడే. అది చెడితే 230 వోల్టులు నేరుగా చెవి దాకా వస్తాయి. చార్జింగ్‌లో ఉండగా ఫోన్ మాట్లాడొద్దనడం ఇందుకే, తడి నేల మీద వట్టి కాళ్లతో ఉన్నప్పుడు మరీను. ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే లోపల వాయువు పుట్టిందన్నమాట. ఇక చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు. రిపేరు షాపుకు తీసుకెళ్లండి.

నీళ్లలో పడితే? బియ్యం డబ్బాలో పెట్టమంటారు. బియ్యం మిల్లులకు పేరున్న మిర్యాలగూడ పక్కనే ఉన్నాం కాబట్టి ఈ సలహా మనకు మరీ ఇష్టం. కానీ మిర్యాలగూడ బియ్యమంతా పోసినా ఫోన్ లోపలి నీటిని లాగలేదు. పైగా తవుడు, నూక చార్జింగ్ రంధ్రంలో చేరతాయి. ఐఫోన్ తయారుచేసే ఆపిల్ కూడా 2024లో బియ్యంలో పెట్టొద్దని చెప్పింది. ఫోన్ ఆపేసి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి వదిలేయండి. పూర్తిగా ఆరేదాకా చార్జర్ గుచ్చకండి.

సిగ్నల్ సరిగా లేని చోట బ్యాటరీ త్వరగా దిగిపోతుందని మీరు గమనించే ఉంటారు. టవరు దూరమైతే ఫోన్ గొంతు పెంచి పిలుస్తుంది, ఆ మేరకు శక్తి ఖర్చవుతుంది. రేకుల షెడ్డులో, ఇనుప బీరువాలో పెట్టిన ఫోన్ కూడా ఇలాగే అరిచి అలసిపోతుంది. 5జీ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో సెట్టింగుల్లో 4జీకి మార్చుకుంటే సాయంత్రం దాకా చార్జింగ్ ఉంటుంది.

తొందర

ఇక రెండో గండం. ఊరి వాట్సాప్ గ్రూపులో, తెలిసిన మనిషి నంబరు నుంచే, 'పీఎం కిసాన్' అన్న పేరుతో ఒక ఫైలు వస్తుంది. డబ్బులు ఆగిపోయాయి, వెంటనే వివరాలు నింపండి అని ఉంటుంది. ఒక్కోసారి ట్రాఫిక్ చలానా, ఒక్కోసారి పెళ్లి పత్రిక. తెలంగాణ పోలీసులు పదే పదే హెచ్చరించిన మోసం ఇదే. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఏముందో చూడండి. ఫొటో అయితే జేపీజీ, కాగితం అయితే పీడీఎఫ్ ఉంటుంది. ఏపీకే అని ఉంటే అది చదివే కాగితం కాదు, ఫోన్‌లోకి దిగే కొత్త ప్రోగ్రాం.

నొక్కగానే అది పనిచేయదు. ఆండ్రాయిడ్ ముందు ఆపుతుంది, ఇది తెలియని చోటి నుంచి వచ్చింది, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మళ్లీ అడుగుతుంది: ఈ యాప్ మీ మెసేజ్‌లు చదవవచ్చా? అనుమతులు ఇలా ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. తొందరలో ఉన్న వేలు ప్రతిసారీ ఒప్పుకునే బటన్ నొక్కుకుంటూ పోతుంది. మెసేజ్‌లు చదివే అనుమతి చేతికి వచ్చాక మోసగాడికి ఇక ఓటీపీ అడగాల్సిన పనే లేదు. బ్యాంకు పంపిన అంకెలు మీకంటే ముందు అతనికి చేరతాయి. మీ వాట్సాప్ కూడా అతని చేతికి పోతే అదే ఫైలు మీ పేరుతో మీ బంధువులందరికీ వెళ్తుంది. తెలిసిన నంబరు నుంచి రావడం వెనక గుట్టు ఇదే. ఇలా దింపుకుంటే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపేయండి, పక్కవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కీ ఫోన్ చేయండి. ఆ తర్వాత ఫోన్ చెరిపించండి.

యూపీఐ గురించి ఒక్కటే నియమం, దీన్ని గోడ మీద రాసుకున్నా తప్పులేదు: పిన్ డబ్బు పోవడానికే, రావడానికి కాదు. యూపీఐ 2016లో మొదలైనప్పటి నుంచి ఈ పద్ధతి మారలేదు. గడ్డివాము కొంటానని ఫోన్ చేసి, "అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు కొనడానికి చేయలేదు. స్కానింగ్ కూడా ఇచ్చేవాడు చేసే పనే, పుచ్చుకునేవాడు చేసేది కాదు. తెర తాళానికీ యూపీఐకీ ఒకే పిన్ పెట్టకండి. మనవడికి మొదటిది తెలుసు కదా.

పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి, మీ పేరు మీద పార్సిల్ దొరికింది, గదిలోంచి కదలొద్దు అనేవాళ్లున్నారు. దీనికి డిజిటల్ అరెస్ట్ అని పేరు పెట్టారు. మన చట్టంలో అలాంటిది ఏదీ లేదు. 2024 అక్టోబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలోనే ఈ మాట చెప్పాల్సి వచ్చింది. కాల్ కట్ చేయడమే మందు. మర్యాద పోతుందని జంకకండి.

డబ్బు పోయిందని తెలిశాక మాత్రం తొందరే మంచిది. చాలామంది పరువు పోతుందని రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పరు. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి పది ఖాతాలకు గంటల్లో తిప్పేస్తారు. 1930కి ఫోన్ చేస్తే ఆ గొలుసులో ఉన్న బ్యాంకులకు ఒకేసారి కబురు వెళ్లి, ఇంకా కదలని సొమ్మును అక్కడే ఆపేస్తారు. ఆలస్యమైతే ఆపడానికి ఏమీ మిగలదు. పోలీస్ స్టేషన్‌కు తర్వాత వెళ్లొచ్చు, ముందు ఫోన్.

మిగిలిన రెండు పనులు

అప్‌డేట్ చేయమని ఫోన్ అడిగితే డేటా దండగ అని తోసేయకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే చాలు, ప్రపంచమంతటా ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. జ, ఞ, దీర్ఘం కలిపి గీయడం వాటి ప్రోగ్రాంకు చేతకాలేదు. కొద్దిరోజుల్లోనే ఆపిల్ అప్‌డేట్ పంపింది. వేసుకున్నవాళ్ల ఫోన్లు బాగుపడ్డాయి, వేసుకోనివాళ్లను ఆటపట్టించడానికి ఆ అక్షరం చాలింది. అది ఆకతాయితనంతో పోయింది. దొంగలు వెతికే కన్నాలు కూడా ఇలాంటివే, అవి మూసేది కూడా అప్‌డేటే. వైఫై ఉన్న ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు ఆ పని కానివ్వండి.

ఫోన్ పోయినప్పటి కోసం ఇవాళే *#06# నొక్కండి. తెర మీద 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది, రెండు సిమ్ముల ఫోన్ అయితే రెండు. బీరువాలోని ఆ కాగితం మీదే రాసుకోండి. ఫోన్ జాతరలో పోయినా బస్సులో పోయినా, ముందు పాత సిమ్ము ఆపించి అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోవాలి. లేదంటే దొంగ మీ సిమ్మును ఇంకో ఫోన్‌లో వేసుకుని ఓటీపీలు చదువుకుంటాడు. తర్వాత పోలీసు ఫిర్యాదు, దాని నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలోని సీఈఐఆర్ విభాగంలో దరఖాస్తు. 2023 మే నుంచి దేశమంతటికీ వచ్చిన ఈ ఏర్పాటులో ఆ ఐఎంఈఐని అన్ని కంపెనీల టవర్లూ వెలివేస్తాయి. ఎవరైనా అందులో సిమ్ము వేస్తే ఆ జాడ పోలీసులకు వెళ్తుంది. తెలంగాణలో ఇలా వేల ఫోన్లు సొంతదారులకు తిరిగొచ్చాయి. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా సంచార్ సాథీలోనే చూసుకోవచ్చు, మీవి కానివి ఉంటే తీసేయించవచ్చు. దరఖాస్తు చేసినప్పుడు ఇచ్చే రిక్వెస్ట్ నంబరు పారేయకండి. ఫోన్ దొరికాక ఆ నంబరుతోనే అన్‌బ్లాక్ చేయించాలి, లేకపోతే ఫోన్ చేతికొచ్చినా దాంట్లో ఏ సిమ్మూ పలకదు.